యొర్దానుకు ఇవతలి ఒడ్డున

పరిశుద్ధ దేశం చూసొస్తామని ఇంట్లో చెప్పి, సంఘంలో ప్రార్థన చేయించుకుని బయల్దేరే తెలుగువాళ్లలో చాలామంది మొదటి రోజు ఆ దేశంలో అడుగే పెట్టరు. విమానం దిగేది జోర్డాన్‌ రాజధాని అమ్మాన్‌లో. ఆ రోజంతా తిరిగేది మోయాబు కొండల్లో, పొద్దు వాలేవేళకు చేరేది యొర్దాను తూర్పు ఒడ్డుకు. బేత్లెహేము లేదు, కల్వరి లేదు, గలిలయ సముద్రం లేదు. నదికి అవతల పొగమంచులో తేలుతున్నట్టుండే కొండల వరస మాత్రం కనిపిస్తుంది.

ఇలా పెట్టడానికి కారణం భక్తి కాదు, లెక్కలు. హైదరాబాద్‌ నుంచి గల్ఫ్‌లో ఎక్కడో ఒకచోట విమానం మారి అమ్మాన్‌లో దిగితే టూర్లవాళ్లకు కలిసొస్తుంది. అక్కడి నుంచి బస్సులో సరిహద్దు దాటించేయవచ్చు. కైరోలో మొదలుపెట్టి సీనాయి మీదుగా నిర్గమకాండం వరసలో తీసుకెళ్లే యాత్రలూ ఉన్నాయి, నేరుగా టెల్‌ అవీవ్‌లో దింపేవీ ఉన్నాయి. జోర్డాన్‌ దారిలో వెళ్లేవాళ్ల బ్రోషర్లో మొదటి రోజు కింద ఒక్క ముక్కే రాసి ఉంటుంది: ఆగమనం, నెబో పర్వతం, రాత్రి బస. అసలు యాత్ర రేపటి నుంచే అన్నట్టు. నన్నడిగితే మొత్తం యాత్రలో బైబిల్‌కు బాగా దగ్గరగా నడిచే రోజు ఇదే. మోషే వచ్చిందీ ఇక్కడిదాకానే కదా.

రెండేసి పేర్లు

శంషాబాద్‌ విమానాశ్రయంలో ఈ గుంపును పోల్చుకోవడం తేలిక. ఒకే రంగు టోపీలు, ఒకే రంగు సంచులు, మెళ్లో కార్డు. రిటైరైన టీచర్లు, నర్సులు, రైల్వేవాళ్లు, సంఘమే చందాలేసుకుని పంపిస్తున్న పాస్టర్లు, పిల్లలు టికెట్టు కొనిపెట్టిన తల్లిదండ్రులు. బాప్టిస్టులు, లూథరన్లు, సీఎస్‌ఐవాళ్లు, పెంతెకోస్తువాళ్లు, ఆర్‌సీఎంవాళ్లు ఒకే బస్సులో సర్దుకోవాలి. యెరూషలేము యాత్రకు ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం ఆర్థిక సాయం ప్రకటించింది. ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు 40 వేలున్నదాన్ని 2019లో 60 వేలు చేసింది, అంతకు మించినవాళ్లకు 20 వేల నుంచి 30 వేలకు పెంచింది. సాయం అందినా అందకపోయినా మిగతాది చీటీ పాడో, పీఎఫ్‌ డబ్బు తీసో పోగేసుకున్నదే.

పక్క వరసలో ఇంకో గుంపు ఉంటుంది. కువైట్‌కో మస్కట్‌కో ఇళ్లలో పనికి వెళ్లే కడప, కోనసీమ ఆడవాళ్లు. గల్ఫ్‌ దాకా ఇద్దరిదీ ఒకే విమానం. రాజోలు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, గుంపులో అందరికీ అమ్మమ్మే, ఆ వరసలోని అమ్మాయిలను ఒక్కొక్కరినీ ఏ ఊరని అడుగుతూ కూర్చుంది. ఆమె చిన్నకూతురు కువైట్‌లో ఏళ్ల తరబడి వంటపని చేసింది. ఈ టికెట్టు ఆ డబ్బుదే.

టూర్‌ మేనేజరు పాస్‌పోర్టులు చూస్తూ పేర్లు పిలిచేటప్పుడు ఇంకో సంగతి బయటపడుతుంది. పిలిచిన పేరుకు ఎవరూ పలకరు. పక్కవాళ్లు మోచేత్తో పొడిస్తే గానీ అది తమ పేరేనని గుర్తుకు రాదు. ఆరాధనలో పిలిచే పేరు లూదియ, కాగితంలో లక్ష్మి. క్రైస్తవం పుచ్చుకున్న దళితులను షెడ్యూల్డ్‌ కులాల జాబితాకు బయట ఉంచిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మన పల్లెల్లో ఎన్ని ఇళ్లలో రెండేసి పేర్లు పెట్టించిందో ఏ సర్వే చదవక్కర్లేదు, ఈ వరసలో పావుగంట నిలబడితే చాలు.

పెట్టెల్లో ఏముంటాయో చెప్పనక్కర్లేదు. కందిపొడి, ఆవకాయ, చేగోడీలు. ఇవి కాక ప్రతివాళ్ల దగ్గరా ఇంకో చిన్న సంచి ఉంటుంది, దాన్ని ఒళ్లోంచి దింపరు. ఊళ్లోవాళ్లు రాసిచ్చిన ప్రార్థన చీటీలు, యేసు దేహాన్ని ఉంచారని చెప్పే రాతికి తాకించి తెమ్మన్న జేబురుమాళ్లు, ఒలీవ నూనెకు, యొర్దాను నీళ్లకు ఖాళీ సీసాలు. అమ్మమ్మ సంచిలో చీటీలు రబ్బరుబ్యాండు వేసి కట్టలు కట్టి ఉన్నాయి. రాయడం రానివాళ్లవి ఆవిడే మనవడి చేత రాయించిందట.

రాళ్లతో పరిచిన పటం

అమ్మాన్‌లో గడియారం రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకుని, నిద్రకళ్లతో బస్సెక్కగానే గైడు చెప్పే మొదటి మాట, ఈ ఊరు అమ్మోనీయుల రబ్బా అని. దావీదు ఊరియాను యుద్ధంలో ముందు వరసన నిలబెట్టించి చంపించింది ఈ పట్నం గోడల దగ్గరే. గ్రీకుల కాలంలో దీనికి ఫిలదెల్ఫియ అనే పేరుండేదని అనగానే బస్సులో సగంమంది ప్రకటన గ్రంథం మూడో అధ్యాయం తిప్పుతారు. ఆ సంఘం ఉన్న ఫిలదెల్ఫియ వేరు, అది ఇప్పటి టర్కీలో ఉంది. ఈ సవరణ చెప్పీ చెప్పీ గైడ్లకు నోటికొచ్చేసింది.

గైడు ఇంగ్లిష్‌లో చెబుతాడు, గుంపు వెంట వచ్చిన పాస్టరు అయ్యగారు మైకు తీసుకుని తెలుగులో చెబుతారు. అతను ఒక నిమిషం మాట్లాడితే ఈయన ఐదు నిమిషాలు. మధ్యలో ఒక వాక్యం, ఒక హెచ్చరిక, ఒక స్తోత్రం కలుస్తాయి. తనెంత చెప్పానా అని గైడు ఆశ్చర్యంగా చూస్తుంటాడు.

అమ్మాన్‌కు నైరుతిగా ముప్ఫై కిలోమీటర్ల దూరంలో మాదబా. బైబిల్లో మేదెబా. చాలా టూర్లు దీన్ని అరగంటలో ముగిస్తాయి. అది అన్యాయం. సెయింట్‌ జార్జి గ్రీకు ఆర్థడాక్స్‌ చర్చి నేలమీద ఆరో శతాబ్దంలో రంగు రాళ్ల ముక్కలతో పరిచిన పటం ఉంది. పరిశుద్ధ దేశానికి మిగిలిన పటాల్లో ఇంత పాతది వేరే లేదు. అసలు పటంలో చాలా భాగం పోయింది. మిగిలినదాంట్లో యెరూషలేము కోడిగుడ్డు ఆకారంలో, గోడలూ ద్వారాలూ స్తంభాల వీధీతో సహా ఉంది. తూర్పు పైకి ఉంటుంది, అంటే బలిపీఠం వైపు. బడిలో ఉత్తరం పైకి ఉన్న పటం చూసి పెరిగినవాళ్లు మెడ తిప్పి తిప్పి చూస్తారు.

ఈ పటంలో నాకు బాగా నచ్చేది ఒక చేప. యొర్దాను ఉప్పు సముద్రంలో కలిసేచోట నీటికి ఎదురుగా వెనక్కి తిరిగి ఉంటుంది. ఆ ఉప్పులో బతకలేనని దానికి తెలుసు. పధ్నాలుగు వందల ఏళ్ల కిందటి పనివాడి హాస్యం అది. సముద్రం మీద రెండు పడవలున్నాయి, వాటిలోని మనుషుల ముఖాలను తర్వాతి కాలంలో ఎవరో చెరిపేసి పిచ్చి రాళ్లు నింపారు. బొమ్మలు పాపమనుకున్న రోజులవి.

ఈ పటం బయటపడిన కథలో మనవాళ్లు గమనించాల్సిన మనుషులున్నారు. 1880 ప్రాంతంలో కెరక్‌ నుంచి వలస వచ్చిన అరబ్బు క్రైస్తవ కుటుంబాలు పాడుబడిన ఈ ఊళ్లో స్థిరపడి, పాత చర్చి పునాదుల మీదే కొత్తది కట్టుకుంటుంటే ఇది కనిపించింది. వాళ్ల మునిమనవలు ఇప్పటికీ ఇక్కడున్నారు. అరబ్బీలో ప్రార్థిస్తారు, దేవుణ్ని అల్లా అనే పిలుస్తారు. సిలువ గొలుసు వేసుకున్న దుకాణదారు అరబ్బీలో ఫోన్‌ మాట్లాడుతుంటే మన బస్సులోవాళ్లు విడ్డూరంగా చూశారు. ఈ దేశాల్లో క్రైస్తవులంటే యాత్రికులే అనుకోవడం మనకు బాగా అలవాటైపోయింది. యాత్రలు నడిపేవాళ్లూ ఆ అలవాటు మాన్పించరు. ఒక ఆదివారం స్థానిక సంఘంతో కూర్చోబెట్టినా బాగుండును.

చూపు ఆగినచోట

మాదబా నుంచి నెబోకు పది కిలోమీటర్ల లోపే. కొండ ఎక్కుతున్నామన్న ఊసే ఉండదు. మాదబా ఉన్నదే పీఠభూమి మీద కాబట్టి బస్సు గోధుమ చేల మధ్య సాఫీగా పోయి అంచున ఆగుతుంది. మోషే అటువైపు లోయలోని మోయాబు మైదానం నుంచి ఎక్కాడు, మనం వచ్చేది వెనకవైపు నుంచి. ఒంటరి శిఖరాన్ని ఊహించుకుని వచ్చినవాళ్లకు కాస్త నిరాశే. సముద్ర మట్టానికి 700 మీటర్ల పైచిలుకు ఎత్తున్న బోడి గుట్టల వరసలో ఇదొకటి.

ఫ్రాన్సిస్కన్‌ సన్యాసులు 1930లలో ఈ స్థలం కొని, 1933లో తవ్వడం మొదలుపెట్టారు. పాత చర్చి గోడలు, సన్యాసుల గదులు బయటపడ్డాయి. 1976లో పైపొర నేలను ఎత్తితే కింద క్రీ.శ. 531 నాటి ఇంకో నేల కనిపించింది. సింహాన్ని బల్లెంతో పొడిచే వేటగాడు, మేకలు కాసేవాడు, తాడుతో నిప్పుకోడిని పట్టుకున్న నల్లటి మనిషి. మోషే బొమ్మ ఎక్కడుందని వెతికితే లేదు. ఈ నేలలను ఏళ్ల తరబడి చదివిన పురావస్తు శాస్త్రజ్ఞుడు, ఫ్రాన్సిస్కన్‌ సన్యాసి మికెలె పిచ్చిరిల్లో 2008లో పోతే ఈ కొండమీదే పాతిపెట్టారు. మోషే సమాధి ఎక్కడుందో ఎవరికీ తెలియదని గ్రంథమే చెబుతుంది, ఆ కొండను తవ్విచూసినవాడి సమాధి మాత్రం ఉంది.

చర్చి దాటి ముందుకెళ్తే వేదికలాంటి చోటు. అక్కడ నాటిన ఇనుప సిలువకు సర్పం చుట్టుకుని ఉంటుంది. ఇటలీ శిల్పి ఫాంటోనీ పని. అరణ్యంలో మోషే ఎత్తిన ఇత్తడి సర్పాన్నీ యోహాను మూడో అధ్యాయాన్నీ ఒకే కడ్డీకి ముడివేశాడు. ఫొటోలన్నీ ఇక్కడే. పక్కన పలకమీద దిక్కులూ దూరాలూ. యెరూషలేము 46 కిలోమీటర్లు, బేత్లెహేము 50. అంటే గుంటూరు నుంచి విజయవాడకు ఉన్న దూరం కన్నా కాస్త ఎక్కువ. చిన్నప్పటి నుంచీ సండేస్కూల్లో విన్న దేశం ఇంత చిన్నదా అని ముందుగా తట్టేది ఇక్కడే.

అయ్యగారు ద్వితీయోపదేశకాండం ముప్ఫై నాలుగో అధ్యాయం చదివారు. నూట ఇరవై ఏళ్ల మనిషి, చూపు బాగానే ఉంది, నడిచే ఓపికా ఉంది. అయినా దిగి నది దాటడానికి వీల్లేదు. చదవడం అయ్యీ అవకముందే తెనాలి నుంచి వచ్చిన రిటైర్డ్‌ హెడ్మాస్టరు అందుకున్నారు. ‘‘నలభై ఏళ్లు ఆ జనాన్ని మోసినవాణ్ని బండను కొట్టాడని ఆపేస్తారా అండీ? ఇంక్రిమెంటు ఆపినా ఇంతకన్నా పెద్ద కారణం చూపించాలి.’’ నవ్వులు. అయ్యగారు అవిధేయత గురించి, నాయకుడి మీద ఉండే ఎక్కువ లెక్క గురించి చెప్పారు. హెడ్మాస్టరు ఒప్పుకోలేదు. బస్సెక్కినా ఒప్పుకోలేదు. ఈ ప్రశ్నను ఊళ్లో ఆదివారం ఆరాధనలో లేచి అడగడం కష్టం, ఈ గోడ పక్కన నిలబడితే అడగకుండా ఉండటం కష్టం.

అమ్మమ్మకు కంటిశుక్లాల ఆపరేషన్‌ అయింది. ‘‘ఏదమ్మా యెరూషలేము?’’ అని అడిగితే ఒక కుర్రాడు వేలు చూపించాడు. చలికాలం ఉదయం గాలి తేటగా ఉంటే ఒలీవల కొండ మీది గోపురాలు కనిపిస్తాయంటారు. ఆ రోజు లేవు. లోయంతా దుమ్ము రంగు మసక. కింద ఉప్పు సముద్రం పైకొస మాత్రం పళ్లెంలో నీళ్లు పోసినట్టు మెరుస్తోంది. కుర్రాడు ఫోన్‌ తీసి జూమ్‌ చేశాడు. మసకే పెద్దదైంది. ‘‘ఫోన్లో వద్దులే నాయనా, ఎటువైపో చెప్పు చాలు’’ అని ఆవిడ అటు తిరిగి చేతులెత్తింది.

నాలుగో శతాబ్దం చివర్లో ఎగేరియా అనే యాత్రికురాలు ఈ కొండకు వచ్చింది. ఊళ్లో ఉన్న తన సోదరీమణులకు ఉత్తరాలుగా రాసుకున్న ఆమె యాత్రా కథనంలో కొంత భాగం 1884లో ఇటలీలోని అరెజ్జోలో దొరికింది. ఎక్కువ దారి గాడిద మీద, బాగా నిటారుగా ఉన్నచోట కాలినడకన ఎక్కింది. పైన సన్యాసులు లోయను చూపిస్తూ ఒక్కో చోటూ చెప్పారు. లోతు భార్య ఉప్పుస్తంభమైన చోటూ చూపించారు. ఎగేరియా చూసింది, స్తంభం లేదు. లేదనే రాసింది. ఆ స్థలం కనబడింది గానీ స్తంభం కనబడలేదని, మిమ్మల్ని మోసం చేయలేనని. ఈ రోజుల్లో ప్రతి రాయినీ ఇదిగో ఇదే అని ఖాయం చేసే వీడియోలు చూస్తుంటే ఆ మహాతల్లి మీద గౌరవం పెరుగుతుంది. చోటు ఇదేనని అనుకుంటారు అని చెబితే ఎవరి విశ్వాసమూ తగ్గిపోదు.

ఇంతేనా యొర్దాను?

నెబో నుంచి దిగుతుంటే చెవులు దిబ్బడ వేస్తాయి. అరగంటలో వెయ్యి మీటర్లకు పైగా కిందికి, సముద్ర మట్టం కన్నా లోతుకు దిగుతాం. ఉప్పు సముద్రం గట్టు భూమిమీద పొడినేలల్లో అన్నిటికన్నా పల్లం, సముద్ర మట్టానికి 430 మీటర్ల దిగువ. పైన స్వెట్టరు వేసుకున్నవాళ్లు కింద చమట తుడుచుకుంటారు.

అల్‌ మఘ్తస్‌. యోహాను బాప్తిస్మమిచ్చిన ‘యొర్దానుకు ఆవలి బేతనియ’ ఇదేనని నమ్మే చోటు. 1967 యుద్ధం తర్వాత పాతికేళ్లకు పైగా ఇది మందుపాతరలు నిండిన సైనిక ప్రాంతం. 1994లో జోర్డాన్‌, ఇజ్రాయెల్‌ సంధి చేసుకున్నాకే పాతరలు తీసి తవ్వకాలు చేశారు. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడి బస్సులోనే లోపలికి తీసుకెళ్తారు. తర్వాత తామరిస్క్‌ పొదల మధ్య నడక.

నది దగ్గరికి వచ్చాక వినిపించే మాట ఒకటే. ఇంతేనా? మన పంటకాలువ ఇంతకన్నా పెద్దది. మట్టిరంగు నీళ్లు, రెల్లు, కొన్ని మీటర్ల వెడల్పు. అవతలి గట్టు మీద మెట్లు, అక్కడ తెల్ల అంగీల్లో ఇంకో దేశం యాత్రికులు, వాళ్ల వెనక తుపాకీతో ఇజ్రాయెల్‌ సైనికుడు. ఇవతల జోర్డాన్‌ సైనికుడు. సరిహద్దు నీళ్ల మధ్యలో ఉంది. అటువాళ్లు పాడే పాట ఇటు వినిపిస్తుంది, చెయ్యి చాస్తే అందేలా ఉంటారు, దాటితే నేరం. యెహోషువ దాటేనాటికి నది గట్లు పొర్లి పారుతోంది. ఇప్పుడు అందులో పదోవంతు నీళ్లు కూడా రావడం లేదు. గలిలయ సముద్రం నుంచి ఇజ్రాయెల్‌ 1964లో పెద్ద గొట్టాల్లో తోడుకోవడం మొదలుపెట్టింది, యార్మూక్‌ ఉపనది నీళ్లను సిరియా ఆనకట్టలూ జోర్డాన్‌ కాలువా మళ్లించుకుంటున్నాయి. ఉప్పు సముద్రం ఏటా దాదాపు ఒక మీటరు దిగిపోవడానికి ముఖ్య కారణం ఇదే.

తెలుగు క్రైస్తవులకు చిన్న నీళ్లు కొత్త కాదు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు ఏళ్లవి. జాన్‌ క్లౌ దొర ఆధ్వర్యంలోని అమెరికన్‌ బాప్టిస్టు మిషను చరిత్రలో ఆ రోజుకు పెద్ద పేరుంది. బస్సులో ప్రకాశం జిల్లావాళ్లు కొందరున్నారు. వాళ్లకిది చరిత్ర పాఠం కాదు, ముత్తాతల ముచ్చట.

ఇక్కడే మొదటి రోజు గొడవ కూడా. మునగాలా వద్దా? చిన్నప్పుడే నీళ్లు చల్లి బాప్తిస్మం ఇచ్చిన లూథరన్‌, సీఎస్‌ఐ సంఘాలవాళ్లకు రెండోసారి అన్నది లేదు. పెంతెకోస్తు కుర్రాళ్లకు యొర్దానులో మునగకుండా తిరిగి వెళ్లడం ఊహకే అందదు. ఆర్‌సీఎం ఫాదర్‌గారు ప్రమాణాలు నెమరువేసుకుందాం, తలమీద నీళ్లు చిలకరించుకుందాం అన్నారు. చివరికి టూర్‌ మేనేజరు తెలివిగా తేల్చాడు. మునిగేవాళ్లు గలిలయ దగ్గర యార్దెనిత్‌లో మునగండి, అక్కడ బట్టలు మార్చుకునే గదులున్నాయి. ఇక్కడ కాళ్లు తడుపుకోండి. సిద్ధాంతం దగ్గర కుదరని రాజీ బట్టలు మార్చుకునే గదుల దగ్గర కుదిరింది.

రేపటి వంతెన

రాత్రి అమ్మాన్‌ హోటల్లో అన్నం, రొట్టె, హమ్మస్‌, బల్లల మీద మన ఆవకాయ సీసాలు. భోజనాలయ్యాక సరిహద్దు పాఠం. జోర్డాన్‌వాళ్లు కింగ్‌ హుస్సేన్‌ అని, ఇజ్రాయెల్‌వాళ్లు అలెన్‌బీ అని పిలిచే వంతెన మీదుగా దాటాలి. 2023 అక్టోబరు 7 నాటి దాడుల తర్వాత ఈ యాత్రలు ఆగిపోతూ, సాగుతూ నడుస్తున్నాయి. 2024 సెప్టెంబరులో ఈ వంతెన దగ్గరే కాల్పులు జరిగి ముగ్గురు ఇజ్రాయెలీలు చనిపోయారు. వెస్ట్‌బ్యాంక్‌ పాలస్తీనీయులు బయటి ప్రపంచానికి వెళ్లాలంటే దాదాపుగా ఇదొక్కటే దారి, అదెప్పుడు మూస్తే అప్పుడు ఆగిపోవాల్సిందే. మనకు పర్యాటకుల వరస వేరు. అయినా గంటలు పడుతుంది.

మేనేజరు వేళ్లు మడుస్తూ చెబుతున్నాడు. పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. ఫొటోలు తీయకూడదు. జోకులు వేయకూడదు. ‘‘మీ సామాను మీరే సర్దుకున్నారా, ఎవరైనా ఏదైనా ఇచ్చి పట్టుకెళ్లమన్నారా అని అడుగుతారు. లేదని చెప్పండి.’’

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరికి వాళ్లు ఒళ్లో సంచి వైపు చూసుకుంటున్నారు. అమ్మమ్మ లేచి నిలబడింది.

‘‘ఇచ్చారు కదా నాయనా. ఊరంతా ఇచ్చింది. లేదని ఎట్టా చెప్పను?’’

‘‘వాళ్లడిగేది బాంబుల్లాంటివాటి గురించి, మామ్మగారూ.’’

‘‘ఇచ్చారా అనేగా అడిగేది?’’

మేనేజరు అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ‘‘అబద్ధం వద్దమ్మా. ప్రార్థన చీటీలని చెప్పండి. విప్పమంటే విప్పి చూపించండి. నేను పక్కనే ఉంటాను.’’

‘‘విప్పితే చదువుతారేమో. అందులో కొన్ని ఒకరికి చెప్పుకునేవి కావు.’’

‘‘తెలుగు వాళ్లకు రాదు కదమ్మా.’’

‘‘అదీ నిజమేలే’’ అని ఆవిడ కూర్చుంది. హెడ్మాస్టరు పక్కకు వంగి తన సంచిలో ఎన్ని చీటీలున్నాయో లెక్కపెట్టుకుంటున్నారు. పొద్దున ఐదింటికి పెట్టెలు బయట పెట్టాలని చెప్పి, మేనేజరు తర్వాతి అంశం ఎత్తుకున్నాడు. పచ్చళ్లు.